ముందు పాలసీ, తర్వాత డాక్టరు

జూలై 11

ఓడ టికెట్లు వచ్చేశాయి. మా పెనాంగ్ నుంచి ఫుకెట్, అక్కణ్నుంచి లంకావి, మళ్లీ పెనాంగ్. సెప్టెంబరు పద్నాలుగున ప్రయాణం. నేను, మా ఆయన బూన్ టియాంగ్, మా చెల్లెలు హ్వా, దాని మొగుడు. బాల్కనీ ఉన్న గదే కావాలని బూన్ టియాంగ్ పట్టుబట్టాడు. రిటైరయ్యేదాకా బటర్‌వర్త్ ఫెర్రీలో, కింద ఇంజను గదిలో పనిచేసిన మనిషి. ఆ మోతకి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం పోయింది. "బతుకంతా నీళ్ల మీదే ఉన్నాను, నీళ్లు చూసింది మాత్రం లేదు. ఈసారి పైన కూర్చుని చూస్తా. కింద ఇంజను ఎవడిదో వాడు చూసుకుంటాడు," అన్నాడు. టికెట్ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. మంచినీళ్లకని వెళ్లినప్పుడల్లా అక్కడే నిలబడి చదువుతున్నాడు.

ఇన్సూరెన్స్ పని నాకు అప్పజెప్పారు. చేప కొనడానికి మూడు మార్కెట్లు తిరిగేదాన్ని కాబట్టి ఇలాంటివన్నీ నా నెత్తినే పడతాయి. మంచిదే. తొందరేం లేదు, బోలెడు టైముంది.

పొద్దున లోబట్టకి మరక కనిపించింది. కొంచెమే. నెలసరి ఆగి పదేళ్లు దాటిపోయింది. ఆదివారం హ్వా పంపిన మూలికల సూప్ వల్ల అయ్యుంటుంది. అందులో అది దాంగ్ క్వై వేర్లు గుప్పిళ్లతో వేస్తుంది. ఆ వేరు ఆడవాళ్ల ఒంట్లో రక్తాన్ని కదిలిస్తుందని ఎవరికి తెలియదు! దాన్ని అడిగితే లేనిపోని రభస చేస్తుంది. అడగలేదు.

జూలై 12

ఇవాళ లేదు. సూపే.

జూలై 16

హ్వా ఫోన్ చేసింది.

"అక్కా, ఇంకా కొనలేదా? టికెట్లు కొన్నచోటే కింద చిన్న గడి ఉంటుంది. దాని మీద వేలు పెట్టు, అయిపోతుంది. నేను అదే చేశాను."

"ఏమేం ఇస్తారో చదివావా?"

"నేనెందుకు చదువుతాను? చదవడానికి నువ్వున్నావుగా."

చదివాను. ఓడ మనల్ని వదిలేసి వెళ్లిపోతే ఇస్తారట, సామాను పోతే ఇస్తారట, ఓడలో డాక్టరు చూస్తే ఇస్తారట. ముందునుంచి ఉన్న జబ్బులకి మాత్రం ఇవ్వరట. నాకు జబ్బులేమీ లేవు. అయినా ఓడవాళ్ల దగ్గరే ఓడ ఇన్సూరెన్స్ కొనడమంటే చేపలవాణ్ణే చేప తాజాదేనా అని అడగడం. వద్దు.

ఓడంటే భయంగా ఉంది నాకు. చుట్టూ అన్ని నీళ్లు. ఒంట్లో బాగాలేకపోతే ఎటు పోవాలి? ఈ మాట హ్వాతో అంటే, "దిగి నడిచొచ్చెయ్," అని నవ్వింది.

జూలై 22

మళ్లీ. ఈసారి ఎక్కువ.

నిన్న బొప్పాయి పండు సగం తిన్నాను. బొప్పాయి వేడి.

ప్యాడ్లు కొనడానికి మా వీధి కొట్టుకి వెళ్లలేదు. బస్సెక్కి ఆయెర్ ఇటామ్ వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి నా జుట్టు వైపు చూసి, ప్యాకెట్టు వైపు చూసి, సంచిలో వేసి ఇచ్చింది. కూతురికేమో అనుకుని ఉంటుంది. నాకు కూతురు లేదు.

జూలై 25

చిన్ ఆన్‌ని పులావ్ తికుస్ మార్కెట్ పక్కన కాఫీ కొట్లో కలిశాను. మా బావగారి కొడుకు. ఇన్సూరెన్స్ అమ్ముతాడు. ఈ డైరీ కూడా వాడు కొత్త సంవత్సరానికి పంచిందే. చుట్టాలందరూ వాడి దగ్గరే కొంటారు. ఇంకెక్కడైనా కొంటే వాడు చిన్నబుచ్చుకుంటాడు, వాళ్లమ్మ మొహం మాడ్చుకుంటుంది. మా ఇంటికి రమ్మంటే బూన్ టియాంగ్ ఉంటాడు. వాళ్లింటికి నేను వెళితే వాళ్లమ్మ ఉంటుంది. నా తోడికోడలి చెవిన పడ్డ మాట సాయంత్రానికి ఊరు చుట్టొస్తుంది. అందుకే కాఫీ కొట్టు.

"పిన్నీ, నీ గుర్తింపు కార్డు నంబరు నా దగ్గరుంది, బాబాయిదీ ఉంది. నువ్వు కాఫీ తాగేలోపు పని అయిపోతుంది," అంటూ ఫోను తీశాడు.

"పొలుసు తీయకుండానే కూర వండేస్తావట్రా? ఆగు. ఒకటి అడగాలి."

"అడుగు."

"నా గురించి కాదు. మా తైచీ క్లాసులో ఒకావిడ ఉంది. ఆవిడా ఓడ ఎక్కుతోంది. ఈమధ్య ఒంట్లో కొంచెం తేడాగా ఉందట. డాక్టరుకి ఇంకా చూపించుకోలేదు. ఆవిడ ఏం చెయ్యాలి?"

వాడు ఫోను బల్ల మీద పెట్టేశాడు. నా మొహంలోకి ఒకసారి చూసి, కాఫీ కప్పులోకి చూడడం మొదలుపెట్టాడు.

"ముందు పాలసీ, తర్వాత డాక్టరు. ఆ వరస తప్పకూడదు పిన్నీ. డాక్టరు కాగితం మీద రాసేదాకా జబ్బు లేనట్టే. రాశాడా, ఇక ఏ కంపెనీ గడప తొక్కనివ్వదు."

"మరి కొనేటప్పుడు అడుగుతారుగా?"

"నేను అడిగితే ఆవిడ చెప్పాలి. ఆవిడ చెప్తే నేను రాయాలి. అందుకని నేను అడగను." ఫోను జేబులో పెట్టుకుంటూ, "ఆవిడ పేరు కూడా నాకు చెప్పకు," అన్నాడు. కాఫీ డబ్బులు కూడా వాడే ఇచ్చాడు. ఎప్పుడూ ఇవ్వడు.

తెలివైన కుర్రాడు. ఇప్పుడు అంతా తేటగా ఉంది. పాలసీ కొనేదాకా డాక్టరు దగ్గరికి వెళ్లకూడదు. వెళితే నష్టం. కాబట్టి వెళ్లకపోవడం నా తప్పు కాదు. తిరిగొస్తూ దారిలో నిలబడి చెండోల్ తిన్నాను. చాలా రోజుల తర్వాత నోటికి తీపి తగిలింది.

జూలై 28

మధ్యాహ్నం బూన్ టియాంగ్ కునుకు తీస్తుంటే చిన్ ఆన్ పంపిన పాలసీ ఫోన్లో చదివాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. చివరికి దగ్గర్లో ఒక వాక్యం ఉంది. లక్షణాలు బయటపడిన జబ్బు ఏదైనా సరే, వైద్యుడికి చూపించుకున్నా చూపించుకోకపోయినా, ముందునుంచి ఉన్నట్టే.

సరిగ్గా అర్థం కాలేదు. అన్నీ మెలికలు. రేపు తీరిగ్గా చదవాలి.

జూలై 29

చదవలేదు. చిన్ ఆన్ కంపెనీ వద్దు. సామాను పోతే వాళ్లిచ్చేది మరీ తక్కువ.

ఆగస్టు 1

బ్యాంకుకి వెళ్లాను. అక్కడ కూడా ఇన్సూరెన్స్ అమ్ముతారని బూన్ టియాంగ్ చెప్పాడు. కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పలక లాంటి ఫోను ఇచ్చారు. పక్కన నిలబడ్డ పిల్ల చాలా మర్యాదస్తురాలు. పేరు, పుట్టిన తేదీ, ఎక్కడికి వెళ్తున్నారు, ఎప్పుడొస్తారు, అన్నీ తనే నింపింది. చివరికి వచ్చాక ఆగింది.

"ఇది మాత్రం మీరే నొక్కాలి మేడమ్. నాకు ఏ జబ్బూ లేదు, ఏ లక్షణమూ లేదు అని ఉంది చూడండి, ఆ గడి."

"నొక్కకపోతే?"

"నొక్కకపోతే ముందుకి వెళ్లదు మేడమ్. అందరూ నొక్కేస్తారు."

వేలు దాని మీదికి తీసుకెళ్లాను. ఏం పెద్ద పని! ఇప్పటిదాకా చెల్లెలి దగ్గర, చిన్ ఆన్ దగ్గర, అందరి దగ్గరా ఏమీ లేనట్టే నడిపించాను కదా. వేలు దిగలేదు. కళ్లద్దాలు మర్చిపోయి వచ్చానమ్మా, రేపొస్తాను, అని లేచి వచ్చేశాను. వీధిలోకి వచ్చాక చూసుకుంటే కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

ఆ పిల్ల పాపం తలుపు దాకా వచ్చి సాగనంపింది కూడా.

ఆగస్టు 4

మా చైనా క్యాలెండరులో ఏడో నెల వచ్చేసింది. ఆత్మల లోకం తలుపులు తెరుచుకుని, ఆకలితో ఉన్నవాళ్లంతా వీధుల్లో తిరిగే నెల. పొద్దున్నే వాకిట్లో అగరొత్తులు వెలిగించి, అన్నం, నారింజలు పెట్టాను.

ఈ నెలలో నీళ్ల జోలికి పోకూడదు. ఇల్లు మారకూడదు. పెళ్లిళ్లు పెట్టుకోకూడదు. ఆపరేషన్లు చేయించుకోకూడదు. చావు గురించి రాసున్న కాగితం మీదైతే సంతకం అసలు పెట్టకూడదు, మా అమ్మ పెట్టేది కాదు. ఇన్సూరెన్స్ కాగితం నిండా చావు తప్ప ఏముంటుంది? కాబట్టి ఈ నెల పోయేదాకా కొనడం కుదరదు. కొననిదే డాక్టరూ కుదరదు. ఇందులో నేను చేయగలిగింది ఏమీ లేదు.

బూన్ టియాంగ్‌తో ఈ సంగతి చెప్తే కళ్లు పెద్దవి చేశాడు.

"ఇవన్నీ ఎప్పట్నుంచి నమ్ముతున్నావే? పోయిన ఏడో నెల్లోనే కదా ఫ్రిజ్ కొన్నావు, బేరాలు తక్కువగా ఉన్నాయి, ధర తగ్గిస్తారని?"

"ఫ్రిజ్ వేరు."

"ఏం వేరు? దాంట్లోనూ చచ్చిన కోళ్లనే కదా పెడతావు?"

నవ్వాను. నవ్వితే పొత్తికడుపులో ఎవరో పిడికిలితో పట్టుకున్నట్టు నొప్పి వచ్చింది. నవ్వినందుకే.

ఓడ ఎక్కేది ఎలాగూ ఏడో నెల వెళ్లాకే. అప్పటికి అంతా సర్దుకుంటుంది.

ఆగస్టు 9

ఉంది.

ఆగస్టు 10

ఉంది.

ఆగస్టు 13

లేదు! పొద్దున్నుంచి లేదు. అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను. పెట్టెలు సర్దడం మొదలుపెడదామని బూన్ టియాంగ్‌తో అంటే, "ఇంకా నెల ఉంది తల్లీ," అన్నాడు. మనిషి మాత్రం మెట్లెక్కి అటక మీంచి పెట్టె దించేశాడు.

సాయంత్రం ఉంది.

ఆగస్టు 18

రాయాలని లేదు. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఇవాళ మా వీధి వాళ్ల ఏడో నెల విందు. మార్కెట్ ముందు టెంట్లు వేసి, గుండ్రటి బల్లలు పరిచారు. వేదిక మీద పాటలు. ముందు వరస కుర్చీలు ఆత్మల కోసం ఖాళీగా వదిలారు. మా బల్ల దగ్గర నేను, బూన్ టియాంగ్, పక్కింటి ఆకియూ, ఆవిడ పిల్లలు. ఆవిరి చేప వచ్చింది, పంది మాంసం వచ్చింది, నూడుల్స్ వచ్చాయి. నేను నల్ల ప్యాంటే వేసుకున్నాను. ఈ మధ్య అదే వేసుకుంటున్నాను.

నూడుల్స్ అందుకుందామని లేచాను. వెచ్చగా జారినట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే తెల్ల ప్లాస్టిక్ కుర్చీ మీద ఉంది. అరచేయంత.

నేనేం చేశానో నాకే ఆశ్చర్యం. బల్ల మీద మిరపకాయ సాసు గిన్నె ఉంది. దాన్ని తీసి కుర్చీలో ఒంపేశాను. చెయ్యి జారినట్టు, అయ్యో అంటూ.

"ఏంటక్కా, అంతా పోసుకున్నావు! మంచి ప్యాంటు పాడుచేసుకున్నావు కదా," అని ఆకియూ గగ్గోలు పెట్టింది.

"చెయ్యి వణికిందే. వయసు వచ్చేస్తోంది," అన్నాను. అందరూ నవ్వారు.

బూన్ టియాంగ్ తన చేతి రుమాలు తీసి కుర్చీ తుడవడం మొదలుపెట్టాడు. వద్దు, వదిలెయ్, నేను తుడుస్తాను అంటే వినిపించుకోలేదు. వినపడలేదేమో కూడా. వేదిక మీద డప్పులు మోగుతున్నాయి. మోకాళ్ల మీద కూర్చుని, మూలమూలలా శుభ్రంగా తుడిచాడు. ఆ రుమాలు మడతపెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆయన తుడిచిందేమిటో ఆయనకి తెలియదు. నాకు చచ్చేంత భయం వేసింది. ఇంటికి వస్తూ ఆయన చెయ్యి పట్టుకుంటే, "ఏంటి, ఆత్మలకి జడుసుకున్నావా?" అన్నాడు. అవునన్నాను.

ఆగస్టు 19

రుమాలు దొరికింది. ఉతికేశాను.

ఆగస్టు 20

సూప్ కాదు. బొప్పాయి కాదు. మిరపకాయ సాసు కాదు.

అయినా డాక్టరు దగ్గరికి వెళ్లి ఏం వినాలి? మా పెద్దత్త ఇలాగే వెళ్లింది. తన కాళ్ల మీద నడిచి లోపలికి వెళ్లింది, నడిచి బయటికి రాలేదు. ఓడ ప్రయాణం ఒక్కటీ అయిపోనీ. బూన్ టియాంగ్ బాల్కనీలో కూర్చుని సముద్రం చూడనీ. ఆ తర్వాత ఏమొచ్చినా వచ్చింది.

ఇవాళంతా ఇన్సూరెన్సులే చూశాను. ఫోన్లో ఒకచోట అన్ని కంపెనీలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. సామాను, విమానం ఆలస్యం, అవన్నీ వదిలేసి, శవాన్ని ఇంటికి చేర్చడం అన్న వరస ఒక్కటే చదివాను. ఒకడు విమానం దాకా అంటాడు, ఒకడు శవపెట్టె ఖర్చు కూడా అంటాడు, ఒకడు అక్కడే దహనం చేస్తే బూడిద తెచ్చిస్తాం అంటాడు. బాగా ఆలోచించి చూస్తే పెట్టె ఇచ్చేవాడు మేలు.

ఫుకెట్ ఆస్పత్రిలో బూన్ టియాంగ్ ఒక్కడూ ఏం చేస్తాడు? అక్కడి భాష రాదు. చెవులు వినపడవు. ఎవరు ఏం చెప్పినా అర్థమైనట్టు తలూపుతాడు.

ఓడ గదుల్లో పక్క మీది దుప్పట్లన్నీ తెల్లటివి. ఓడవాళ్లు పెట్టిన ఫోటోలు హ్వా పంపింది.

ఆగస్టు 27

బూన్ టియాంగ్ సంచి పట్టుకొచ్చి నా ఒళ్లో పెట్టాడు. లోపల తెల్ల ప్యాంటు.

"రెండో రోజు ఓడలో పెద్ద భోజనం ఉంది, చదివావా? అందరూ తెల్లబట్టలు వేసుకోవాలట. నాకు చొక్కా ఉంది. నీకు తెల్లది ఒక్కటీ లేదని చూశాను."

చూశాడట. బీరువా తీసి నా బట్టలన్నీ చూశాడట.

"ఈ వయసులో నాకు తెలుపేంటి?"

"వేసుకో ఒకసారి. సైజు చూద్దాం. సరిపోకపోతే మార్చిస్తానంది కొట్టు పిల్ల."

"తర్వాత వేసుకుంటాను."

"ఇప్పుడే వేసుకో. చూస్తాను."

"తర్వాతన్నానా!"

అరిచాను. వినపడింది ఆయనకి. సంచి తీసుకుని బీరువాలో పెట్టేశాడు. చాలాసేపు వంటింట్లో నిలబడ్డాడు, ఫ్రిజ్ ముందు. టికెట్ చదువుతున్నాడనుకుంటా.

సెప్టెంబరు 3

ఏడో నెల వెళ్లిపోయింది. వాకిట్లో బూడిద ఊడ్చేశాను.

పొద్దున్నే బూన్ టియాంగ్ అన్నాడు, "ఇక నీ ఆత్మలన్నీ ఇళ్లకి పోయాయి కదా. పద, ఇన్సూరెన్స్ కొనేద్దాం. ఓడ వాళ్లది వద్దన్నావు, చిన్ ఆన్‌ది వద్దన్నావు, బ్యాంకు వద్దన్నావు. బీచ్ స్ట్రీట్‌లో పెద్ద కంపెనీ కౌంటరుంది, నేనూ వస్తాను. నీకు ఒదిలేస్తే ఓడ తిరిగొచ్చాక కొంటావు."

ఎల్లుండి వెళదామన్నాను. రేపు హ్వా వస్తానంది అన్నాను. నిజానికి హ్వా వస్తానని అనలేదు.

సెప్టెంబరు 4

లేదు అంటే చాలు. ఒక్క మాట. అందరూ అదే అంటారు.

సెప్టెంబరు 5

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి వేరేలా రాసుకుంటాను.

కౌంటర్లో ఉన్నావిడ పేరు నొరైని, మెళ్లో కార్డు మీద రాసుంది. తలకి ఆకుపచ్చ ముసుగు. మా ముందు ఇద్దరు, మా వెనక నలుగురైదుగురు. బూన్ టియాంగ్ కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్లికి వచ్చినట్టు. నేను ఆయన ఎడమ పక్కన, వినపడని చెవి వైపు నిలబడ్డాను. కావాలనే.

ఆవిడ పేర్లు, తేదీలు అడిగింది. ఓడ అని వినగానే, "ఓడలో అయితే ఒంట్లో బాగాలేకపోతే హెలికాప్టర్లో తీసుకెళ్లాల్సి రావచ్చు. అందుకని కొన్ని ప్రశ్నలు నేను నోటితోనే అడగాలి," అంది. తర్వాత కాగితం చూడకుండా, రోజూ చదివే పాఠంలా గడగడా చదివేసింది. డాక్టరుకి చూపించుకోవాల్సిన లక్షణం ఏదైనా, గడ్డ, ఆగని దగ్గు, బరువు తగ్గడం, మామూలుగా రాకూడని రక్తం, ఈ మధ్య మీలో ఎవరికైనా ఉందా?

"ఏమీ లేవమ్మా. ఇద్దరం గుండ్రాళ్లలా ఉన్నాం," అన్నాడు బూన్ టియాంగ్.

ఆవిడ ఆయన్ని చూడలేదు. "ఎవరిది వాళ్లే చెప్పాలి అంకుల్. మేడమ్, మీకు?"

లేదు అన్న మాట నాలుక మీదే ఉంది. నిన్నంతా దాన్నే పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ పెన్ను ఎత్తి పట్టుకుని నా కోసం ఆగింది. విసుగ్గా ఏమీ లేదు, జాలిగానూ లేదు. ఊరికే ఆగింది. నాకేమైందో వినడానికి ఇన్నాళ్లుగా ఒక్కరూ ఇలా ఆగలేదు. నేను ఆగనివ్వలేదు.

"ఉంది," అన్నాను.

"ఏంటి?" అన్నాడు బూన్ టియాంగ్, నా వైపు చెవి తిప్పి.

"రక్తం పోతోంది."

"ఆఁ?"

"రక్తం!" గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "నాకు. కింద నుంచి. జూలై నుంచి."

వెనక వరసలో ఒకాయన తల వంచి తన చెప్పులు చూసుకున్నాడు. నొరైని పెన్ను కింద పెట్టింది.

"ఇవాళ మీకు ఇది అమ్మను మేడమ్."

"ఇంకెక్కడైనా అమ్ముతారా?" అని అడిగాను. ఆ క్షణంలో కూడా నా నోటికి వచ్చింది ఆ మాటే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

"ఎక్కడైనా అమ్ముతారు. ఇవ్వాల్సి వచ్చినప్పుడే ఇవ్వరు." గొంతు తగ్గించింది. "ఆస్పత్రి ఇక్కడికి దగ్గరే. ఇంటికి వెళ్లకండి ఆంటీ. ఇటు నుంచి ఇటే వెళ్లండి."

మేడమ్ పోయి ఆంటీ అయ్యాను.

బయటికి వచ్చాక బూన్ టియాంగ్ బస్సు ఉన్న వైపు కాకుండా సముద్రం వైపు నడిచాడు. నేనే చొక్కా పట్టుకుని ఆపాను. పక్కనే ఉన్న ఏదో బ్యాంకు మెట్ల మీద కూలబడ్డాడు.

"జూలైలో ఎప్పుడు?"

"టికెట్లు వచ్చిన రోజు."

"అయితే ఆ విందు రోజు..."

"అవును."

రెండు చేతులూ చూసుకున్నాడు.

"తెల్ల ప్యాంటు తెచ్చాను నీకు," అన్నాడు. "వేసుకో, చూస్తానన్నాను." అంటూనే ఏడ్చేశాడు. మా పెళ్లయ్యాక ఆయన ఏడవడం వాళ్లమ్మ పోయినప్పుడు చూశాను, మళ్లీ ఇవాళే. దారినపోయేవాళ్లు చూస్తున్నారు, లే, అన్నాను. చూడనీ అన్నాడు.

ఆ తర్వాత ఆస్పత్రి.

సెప్టెంబరు 7

లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. నొప్పి లేదని చెప్పాను నర్సుతో. ఉంది.

హ్వాకి బూన్ టియాంగే ఫోన్ చేసి చెప్పాడు. అది ఏడ్చి, తిట్టి, సూప్ పంపుతానంది. వద్దని ఇద్దరం ఒకేసారి అరిచాం.

సెప్టెంబరు 14

ఓడ వెళ్లిపోయింది. హ్వా వాళ్లు కూడా మానేస్తామన్నారు. ఎక్కకపోతే జన్మలో మాట్లాడనని బెదిరించి పంపించాను. ఓడలో భోజనాల ఫోటోలు పంపుతోంది. రొయ్యలు బానే ఉన్నాయి.

బూన్ టియాంగ్ ఫ్రిజ్ మీది కాగితం తీసేశాడు. నా మొహంలోకి అస్తమానం చూస్తున్నాడు. బాత్రూములో కొంచెం ఆలస్యమైతే తలుపు కొడుతున్నాడు.

భయం తగ్గలేదు. చెప్పేస్తే తగ్గుతుందనుకున్నాను. ఇప్పుడు ఇద్దరికీ ఉంది.

సెప్టెంబరు 19

డాక్టరు చిన్నపిల్ల. కాగితం చూస్తూ కాదు, మమ్మల్ని చూస్తూ చెప్పింది. గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్. సంచి తీసెయ్యాలి. ఎంత దూరం పాకిందో తీశాకే తెలుస్తుంది. బూన్ టియాంగ్ కుడి చెవి ఆమె వైపు పెట్టి, కుర్చీ అంచు మీదికి జరిగి, ప్రతి మాటా విన్నాడు. అర్థం కానిచోట ఆపి మళ్లీ చెప్పించుకున్నాడు. ఊరికే తలూపలేదు.

"మొదటిసారి ఎప్పుడు కనిపించిందమ్మా?"

"జూలైలో."

"రెండు నెలలు ఎందుకు ఆగారు?"

గోడ వైపు చూశాను. ఏమని చెప్పను? ఇన్సూరెన్స్ ఎక్కడ కొనాలో తేల్చుకోలేకపోయానని చెప్పనా? ఫుకెట్ నుంచి నా శవాన్ని పెట్టెతో సహా ఎవరు తెచ్చిస్తారో వెతుకుతూ కూర్చున్నానని చెప్పనా?

"మా ఇంట్లో ఎవరూ అడగలేదు డాక్టర్," అన్నాడు బూన్ టియాంగ్. "ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే. ఆ కౌంటర్లో అమ్మాయి అడిగింది. అడిగితే చెప్పింది."

"నేను దాచాను. నువ్వు అడిగినా చెప్పేదాన్ని కాదు," అన్నాను.

"కాదులే. నేను అడగలేదు."

డాక్టరు మా ఇద్దరినీ చూసింది. రాయడం ఆపి, కుర్చీ ముందుకి జరుపుకుంది.

"సరే, ఇప్పుడు నేను అడుగుతున్నాను. నొప్పి ఉందా?"

"ఉంది."

"ఎక్కడ?"

చెయ్యి పెట్టి చూపించాను. బూన్ టియాంగ్ కూడా చూశాడు. లేచి నా పక్కకి వచ్చి, "ఇక్కడా?" అంటూ నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టాడు.

"ఇంకొంచెం కిందికి," అన్నాను.